జీవ ఇంధనం – రైతు జీవనం

పుంగనూరు పేరు వినగానే మూడడుగుల ఎత్తు మించని ఆవు గుర్తుకు వస్తుంది. మెట్ట నేల, అరకొర వాన, కొద్దిపాటి మేత – వీటితోనే సర్దుకొని చిక్కని పాలిచ్చే జాతి అది. ఆ ప్రాంతపు రైతు కూడా అంతే. వర్షాధారంగా వేరుసెనగ, బోరు నీటితో టమోటా, ఇంటి ముంగిట పాడి – ఇవే అతని ఆదరువులు. ఇటువంటి రైతు బ్రతుకును ఇప్పుడు ఒక కొత్త గిరాకీ తాకుతున్నది. అది వాహనాల దాహం తీర్చే జీవ ఇంధనపు గిరాకీ.

చెరకు మడ్డి, మొక్కజొన్న, నూకల నుంచి తీసిన ఇథనాల్‌ను పెట్రోలులో కలుపుతారు. 2013–14లో మన దేశంలో ఈ మిశ్రమం నూటికి రెండు పాళ్లయినా లేదు. 2025 నాటికి అది ఇరవై పాళ్లకు చేరింది. ఒక టన్ను మొక్కజొన్న నుంచి సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. విదేశాల నుంచి తెచ్చుకొనే ముడిచమురు భారం కొంత తగ్గుతుంది. పంటకు మరొక కొనుగోలుదారు దొరుకుతాడు. ఈ మేలును కాదనలేము. అయితే క్షీరసాగర మథనంలో అమృతం కంటే ముందు హాలాహలం పుట్టింది. ఈ కొత్త మథనంలో ఎవరి వంతుకు ఏది వస్తుందన్నదే ప్రశ్న.

అమెరికాలో మొక్కజొన్నను ఇథనాల్‌కు విరివిగా మళ్లిస్తున్న కాలంలో, 2007 జనవరిలో, మెక్సికోలో పేదల రొట్టె ధర పెరిగి ప్రజలు వీధుల్లోకి వచ్చారు. మొక్కజొన్నను ఎగుమతి చేస్తూ వచ్చిన మన దేశం సైతం 2024లో దానిని పెద్ద ఎత్తున దిగుమతి చేసుకొన్నది. కోళ్ల దాణాకూ, పశువుల దాణాకూ మొక్కజొన్నే ఆధారం. గింజ అమ్మేవానికి ధర పెరిగితే పండుగ; కొనేవానికి అదే బరువు. పంటనూ పాడినీ నమ్ముకొన్న సన్నకారు రైతు ఒకే ఏడాదిలో అమ్మేవాడూ తానే, కొనేవాడూ తానే. ఇథనాల్ తీయగా మిగిలిన పిప్పి చవకైన దాణాగా అతనికి కొంత ఊరటనిస్తుంది. కాని అదే పిప్పి నూనెగింజల చెక్కకు పోటీగా నిలిచి, ఆ గింజలు పండించే రైతు రాబడికి గండి కొడుతుంది.

పెరిగిన ధరైనా నిలుస్తుందా అంటే అదీ లేదు. 2023 జూలైలో ప్రభుత్వ గోదాముల బియ్యాన్ని ఇథనాల్ కర్మాగారాలకు ఇవ్వడం ఆపివేశారు. మొక్కజొన్నకు గిరాకీ పెరిగింది. రైతులు ఆశతో సాగు పెంచారు. తరువాత గోదాముల తలుపులు మళ్లీ తెరుచుకొన్నాయి. పంట కూడా విరగకాసింది. 2025 చివరినాటికి పుంగనూరుకు పొరుగునే ఉన్న కర్ణాటకలో ధర క్వింటాలుకు 2,400 రూపాయల మద్దతు ధర కంటే బాగా దిగజారి, రైతులు ఆందోళనకు దిగారు.

ఇటువంటి అనుభవం కొత్తది కాదు. 2003లో ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ అడవి ఆముదం సాగును సిఫారసు చేసింది. బంజరు నేలలు బంగారం పండుతాయని ప్రచారం సాగింది. నీరూ పోషణా లేనిచోట ఆ మొక్క ఆశించినంత కాయలేదు; కాసినచోట కొనేవారు కరవయ్యారు. 2017 నాటికి డీజిలులో ఇరవై పాళ్లు కలపాలని 2009లో పెట్టుకొన్న లక్ష్యం ఒక్క పాలుకైనా చేరలేదు.

మరి మెట్ట రైతుకు దారి ఏది? పొలం గట్లమీద నీడనిచ్చే కానుగ చెట్టు ఒక దారి చూపుతుంది. దాని ఆకు పచ్చిరొట్ట ఎరువు. దాని నూనె ఒకప్పుడు దీపాలకు, నేడు డీజిలు యంత్రాలకు ఇంధనం. దాని చెక్క మళ్లీ పొలానికే ఎరువు. అది తినే గింజ కాదు గనుక కంచానికి పోటీ రాదు. నాటి ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడలో గిరిజన మహిళలు కానుగ నూనెతో తగ్గించిన 147 టన్నుల కర్బన ఉద్గారాలకు 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. మొత్తం చిన్నదే; అయినా అన్నం పెట్టే నేలను వదులుకోకుండానే ఇంధనం పండించవచ్చునని అది చాటింది.

ఇంధనానికి పంట కావాలనేవారు ముందుగా కొనుగోలుకు హామీ ఇవ్వాలి. విధానం మారినప్పుడు కలిగే నష్టాన్ని రైతు ఒక్కని తలమీదే మోపరాదు. గింజను మనిషికీ పశువుకూ మిగిల్చిన తరువాతనే వాహనానికి పంచాలి. బండి ఒక పూట ఆగితే ప్రయాణమే ఆగుతుంది. పొయ్యి ఆగితే బ్రతుకే ఆగుతుంది.