ప్యాకెట్ ముందు ఆకుల బొమ్మలు, వెనక అసలు సంగతి

పోయిన సద్దుల బతుకమ్మకు మా టేకుమట్లలో ఊరంతా ఆడుతుంటే, మా వదిన మాత్రం గడప దాటలేదు. రెండు కళ్లూ వాచి మూసుకుపోయి, నుదురంతా నీటిపొక్కులతో ఇంట్లో పడుకుంది. పండుగకని రెండు రోజుల ముందు తలకు రంగు వేసుకుంది. అది కిరాణా కొట్టు రంగు కూడా కాదు. హనుమకొండలో ఒక ఆర్గానిక్ దుకాణంలో, అంతా ఆకులతో చేసిందేనని నమ్మి, మూడింతల ధర పెట్టి కొన్నది.

దుకాణానికి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "మా సరుకు మంచిదేనమ్మా, ఆమె ఒంటికే పడలేదు." అంటే తప్పంతా వదిన ఒంటిదేనట! నా కోపమంతా ఈ మాట మీదే.

ప్యాకెట్ తిప్పి చూశాను. ముందు మైదాకు, ఉసిరికాయ, గుంటగలగరాకు బొమ్మలు. వెనక చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, ఆకుల పేర్లన్నీ అయ్యాక, పారాఫినైలిన్ డయమీన్. దీన్నే పీపీడీ అంటారు. మామూలు నల్లరంగులు చాలావాటిలో ఉండేదీ ఇదే. అమెరికాలోని చర్మ అలర్జీ వైద్యుల సంఘం 2006లో దీన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది.

మైదాకు సంగతి మనకు తెలియనిదా? ఆషాఢంలో పెట్టుకుంటే చేయి ఎర్రగా పండుతుంది గానీ నల్లగా పండుతుందా? అందులో ఉండే లాసోన్ రంగే అది. తెల్లవెంట్రుక దానితో ఎర్రబడుతుంది, అంతే. ఆకులతోనే నలుపు రావాలంటే మైదాకు పెట్టి కడిగాక నీలి ఆకు పొడి పెట్టాలి. దానికి గంటలు పడుతుంది. ఒకటే పొడి, అరగంటలో కాటుక నలుపు అన్నారంటే అనుమానించాల్సిందే.

"అమ్మోనియా లేదు" అన్నది ఇంకో మాయ. అమ్మోనియా వెంట్రుక పైపొరను తెరుస్తుంది. అది లేకపోతే ఘాటు వాసన తగ్గుతుంది. అంతమాత్రాన పీపీడీ లేదని కాదు.

"మూడేండ్లుగా వాడుతున్నా, నాకేం కాలేదు" అనే అక్కలూ, మా వదినా అదే అనేది. ఈ అలర్జీ మొదటిసారే రావాలని లేదు. వాడగా వాడగా పట్టుకుంటుంది. పట్టుకున్నాక సాధారణంగా జన్మంతా వదలదు.

అసలు చెట్టు నుంచి వచ్చిందల్లా మంచిదేనా? రజకులు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి కూడా చెట్టున కాసిందే. దాని రసం ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి. సహజమా అన్నది ఒక ప్రశ్న, క్షేమమా అన్నది ఇంకో ప్రశ్న. ఈ దుకాణాలు మొదటిదానికే అబద్ధం చెప్పి, రెండోదాన్ని అడగనివ్వడం లేదు.

తెల్లజుట్టు దాచుకోవాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. కానీ తెలిసి వేసుకోవాలి. పీపీడీ ఉన్న రంగుల మీద ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ హెచ్చరిక ఉండాలని మన దేశ నియమాలే చెబుతున్నాయి. రెప్పలకూ కనుబొమలకూ వాడితే చూపు పోవచ్చని, వేసుకునే ప్రతిసారీ ముందుగా పరీక్షించుకోవాలని ఆ హెచ్చరికలో ఉంటుంది. వదిన ప్యాకెట్ మీద ఒక్క తెలుగు అక్షరం లేదు.

పరీక్ష కష్టమేమీ కాదు. కలిపిన రంగు కొంచెం చెవి వెనక గానీ, మోచేతి లోపలి వైపు గానీ రాసి 24 గంటలు ఆగాలి. రెండు రోజులు చూస్తే ఇంకా మంచిది. దురద, ఎరుపు, మంట ఏది కనిపించినా ఆ రంగు జోలికి పోవద్దు. ఇదివరకే ఒకసారి పడనివాళ్లు ఈ పరీక్ష కూడా చేసుకోవద్దు, డాక్టరును అడగండి.

ఈసారి దుకాణంలో "ఇందులో పీపీడీ ఉందా?" అని గట్టిగానే అడగండి. "అన్నీ ఆకులేనమ్మా" అంటే, ప్యాకెట్ వెనక ఉన్నదంతా చదివి వినిపించమనండి. చదవనంటే డబ్బులు కొంగున కట్టుకుని వచ్చేయండి.