వెంటాడే పన్ను, వెంటరాని హక్కు

రామేశ్వరం వెళ్ళినా శనీశ్వరం వదలలేదన్న సామెత విదేశాల్లో స్థిరపడిన అమెరికన్ల పట్ల అక్షరాలా నిజమవుతున్నది. స్వదేశాన్ని విడిచి ఎన్ని దశాబ్దాలు గడిచినా, మరో దేశంలో సంపాదించి అక్కడే పన్ను చెల్లిస్తున్నా, ఏటా అమెరికా ప్రభుత్వానికి ఆదాయ లెక్కలు అప్పజెప్పవలసిన బాధ్యత వారిని నీడలా వెంటాడుతున్నది. నివాసాన్ని కాక పౌరసత్వాన్ని బట్టి ఆదాయపు పన్ను విధించే దేశాలలో చెప్పుకోదగినవి రెండే: ఒకటి అమెరికా, రెండోది ఆఫ్రికాలోని చిన్న దేశం ఎరిట్రియా. ప్రాతినిధ్యం లేని పన్ను చెల్లదంటూ బ్రిటిష్ రాచరికంపై తిరగబడి పుట్టిన దేశం ఈ జాబితాకెక్కడం చరిత్రలోని విపరీతమే.

ఈ విధానానికి మూలం 1860ల నాటి అంతర్యుద్ధం. యుద్ధానికి డబ్బు కావలసి వచ్చినప్పుడు మొలకెత్తిన ఏర్పాటును 1924లో అక్కడి సుప్రీంకోర్టు స్థిరపరచింది. పౌరుడు మెక్సికోలో నివసించినా, అతని ఆస్తి అక్కడే ఉన్నా ప్రభుత్వం వల్ల అతనికి మేలు ఒనగూడుతూనే ఉంటుంది గనుక పన్ను తప్పదన్నది ఆ తీర్పు సారాంశం. విదేశీ సంపాదనపై కొంత మినహాయింపు, అక్కడ కట్టిన పన్నుకు తగ్గింపు ఉన్నందున చాలామంది చివరకు చెల్లించవలసింది ఏమీ ఉండదు. అయినా లెక్కలు సమర్పించక తప్పదు. అందుకు నిపుణులకు రుసుములు ముట్టజెప్పకా తప్పదు.

2010లో వచ్చిన 'ఫాట్కా' చట్టం ఈ భారాన్ని బ్యాంకుల గుమ్మందాకా తెచ్చింది. అమెరికన్ ఖాతాదారుల వివరాలు అందించని విదేశీ సంస్థలకు అమెరికా నుంచి వెళ్ళే చెల్లింపుల్లో 30 శాతం కోత విధిస్తామన్నది ఆ చట్టం. దానితో అనేక బ్యాంకులు అమెరికన్లంటేనే జంకసాగాయి. భారతదేశం 2015లో ఈ ఒప్పందంపై సంతకం చేసింది. నల్లధనం దాచే కుబేరులకై పన్నిన వలలో జీతంపై బతికే సామాన్యులు చిక్కుకున్నారు. విదేశీ ఖాతాల మొత్తం 10,000 డాలర్లు దాటితే విడిగా మరో నివేదిక ఇవ్వాలి. రుమేనియాలో స్థిరపడిన ఒక వ్యాపారి అది సకాలంలో ఇవ్వనందుకు, ఖాతాకొకటి చొప్పున లెక్కగట్టి 27 లక్షల 20 వేల డాలర్ల జరిమానా కోరారు. 2023లో సుప్రీంకోర్టు ఒక్క ఓటు ఆధిక్యంతో దాన్ని 50 వేల డాలర్లకు పరిమితం చేసింది.

బాధ్యతలు ఇలా వెంట వస్తుండగా, హక్కులు మాత్రం ఒక్కొక్కటే పోరాడి తెచ్చుకోవలసి వచ్చింది. 1907 చట్టం ప్రకారం విదేశీయుని పెళ్ళాడిన అమెరికన్ మహిళ పౌరసత్వం కోల్పోయేది. విదేశంలో పుట్టిన బిడ్డకు తన పౌరసత్వం ఇచ్చే హక్కు తల్లికి 1934లో గాని దక్కలేదు. మరో దేశపు ఎన్నికల్లో ఓటు వేసినంత మాత్రాన పౌరసత్వం రద్దు చేయరాదని సుప్రీంకోర్టు 1967లో గాని చెప్పలేదు. ప్రవాసులకు ఫెడరల్ ఎన్నికల్లో ఓటు హక్కు లభించింది 1976లో. ఆ ఓటు సైతం చివరిగా నివసించిన రాష్ట్రంలో కలిసిపోతుంది. ఫ్రాన్స్ తన ప్రవాసులకు 2012 నుంచి జాతీయ అసెంబ్లీలో 11 స్థానాలు కేటాయించింది. అమెరికన్ ప్రవాసులకు తమవాడనదగిన ప్రతినిధి కాంగ్రెస్‌లో ఒక్కరూ లేరు.

ఈ చిక్కు మన హైదరాబాద్‌కూ తెలియనిది కాదు. అమెరికాలో ఉద్యోగం చేస్తుండగా పుట్టిన పసిబిడ్డలతో తిరిగివచ్చిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ బిడ్డలు పుట్టుకతో అమెరికన్లు. ఇక్కడే చదివి, ఇక్కడే ఉద్యోగంలో చేరినా అమెరికాకు లెక్క చెప్పాలి. ప్రవాస భారత పౌరులన్న కార్డు చేతిలో ఉన్నా ఇక్కడ ఓటు లేదు. వారు భారతీయుని పెళ్ళాడి ఇక్కడే బిడ్డను కంటే ఆ బిడ్డకు అమెరికా పౌరసత్వం రాదు. తల్లి లేక తండ్రి అమెరికాలో కనీసం ఐదేళ్ళు, అందులో రెండేళ్ళు 14 ఏళ్ళ వయసు దాటాక ఉండాలన్నది నియమం. పన్ను అడగడానికి పుట్టుక చాలునట, పౌరసత్వం అందించడానికి మాత్రం నివాసం కావాలట! ఇదెక్కడి న్యాయం?

విసిగి పౌరసత్వాన్నే వదులుకుందామన్నా తేలిక కాదు. 2010కి ముందు ఉచితంగా జరిగిన ఈ పనికి ఆ ఏడాది 450 డాలర్లు, 2014లో 2,350 డాలర్ల రుసుము విధించారు. న్యూయార్క్‌లో పుట్టిన బోరిస్ జాన్సన్ వంటివారికి అది లెక్క కాకపోవచ్చు. సామాన్యునికి అది తలకు మించిన భారమే అయింది.

నివాసాన్ని బట్టి పన్ను విధించాలన్న బిల్లు 2024 డిసెంబరులో ప్రతినిధుల సభ ముందుకు వచ్చినా, సభ గడువు తీరడంతో మురిగిపోయింది. ఆ సంస్కరణను అమెరికా ఇకనైనా చేపట్టాలి. పన్ను ఎగవేతదారులను పట్టుకోవలసిందే గాని, ఆ పేరిట నిజాయితీపరులను వేధించడం తగదు. ఈ విషయంలో మనమూ ఆత్మవిమర్శ చేసుకోవలసి ఉంది. ప్రవాస భారతీయులకు 2010లో చట్టం ఓటు ఇచ్చినా, స్వయంగా పోలింగ్ కేంద్రానికి వస్తేనే అది చెల్లుతుంది. బదులు వ్యక్తి ద్వారా ఓటుకు వీలు కల్పించే బిల్లును 2018లో లోక్‌సభ ఆమోదించినా, మరుసటి ఏడాది అది కాలదోషం పట్టిపోయింది. పౌరసత్వమన్నది ఇరువైపులా నిలబడవలసిన ఒడంబడిక. బాధ్యతకు ఎల్లలు లేవనే రాజ్యం హక్కుకు ఎల్లలు గీయరాదు.