పౌరసత్వ దరఖాస్తు: పాత పొరపాటు కన్నా దాచడమే ప్రమాదం

హైదరాబాద్‌లో మన బంధువుల ఇళ్లలో చాలాచోట్ల అమెరికాలో ఉంటున్న ఓ అన్నో, చెల్లెలో ఉంటారు. గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లయ్యాక పౌరసత్వం కోసం వాళ్లు నింపాల్సింది ఎన్-400 ఫారం. నింపడం కన్నా పాత లెక్కలు తేల్చుకోవడమే కష్టం.

మొదటిది ప్రయాణాలు. అమ్మీకి ఒంట్లో బాగోలేదని వచ్చి ఆరు నెలలు దాటి ఇక్కడే ఉండిపోతే, అక్కడి నివాసం తెగిపోయిందనే అనుకుంటారు. కాదని చెప్పాలంటే అక్కడి ఇంటి అద్దె, ఉద్యోగం, పన్నుల కాగితాలు చూపించాలి. ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికాలోనే గడిపి ఉండాలి కూడా. పాస్‌పోర్టు ముద్రలు చూసి తేదీలన్నీ ఇప్పుడే రాసి పెట్టుకోండి.

రెండోది పేరు. టెన్త్ మెమోలో ఎండీ, పాస్‌పోర్టులో మహమ్మద్ అని ఉండటం మనకు మామూలే. ఇదివరకు వాడిన పేర్లన్నీ ఫారంలో రాసేయాలి.

మూడోది పన్నులు. ఏదైనా ఏడాది రిటర్ను వేయకపోతే ఇప్పుడైనా వేయాలి. బాకీ ఉంటే వాయిదాల్లో కట్టే ఒప్పందం చేసుకుని ఆ కాగితం జతచేయాలి.

ఎప్పుడైనా అరెస్టయి ఉంటే, కేసు కొట్టేసినా సరే, రాయాల్సిందే. అలాంటివాళ్లు ముందు ఇమిగ్రేషన్ వకీలును కలవాలి.

నేను కామర్స్ చదివినవాణ్ణి. ఖాతాలో తప్పు దొరికితే సవరణ ఎంట్రీ వేస్తాం గానీ పేజీ చింపం. ఇక్కడా అంతే. ప్రమాణం చేసి అబద్ధం చెప్పినట్టు తేలితే దరఖాస్తు పోతుంది. పౌరసత్వం వచ్చాక బయటపడినా, దాన్ని రద్దు చేయమని ప్రభుత్వం కోర్టుకు వెళ్లొచ్చు.