చరిత్రలో బకాసురుని వెదకవలదు

చింతామణి తాలూకాలోని కైవారమును మన పెద్దలు ఏకచక్రపురమని చెప్పుదురు. భీమసేనుడు బకాసురుని వధించినది ఇక్కడనేయని స్థలపురాణము. ఆ కథయందు మంచి యెవరిదో చెడ్డ యెవరిదో తెలిసికొనుటకు శ్రమ యక్కరలేదు. బండెడు అన్నమును, దానిని లాగు దున్నపోతులను, తోలుకొని వచ్చిన మనుష్యుని గూడ తినువాడు రాక్షసుడు. వానిని చంపి ఊరివారి కన్నీరు తుడిచినవాడు వీరుడు. వినువారి మనస్సు భీముని పక్షమున నిలుచును. కథ ముగియును, ఊరు సుఖపడును. పురాణము ధర్మమును బోధించుటకై పుట్టినది గనుక దానికి ఈ పద్ధతి తగినదే.

కాని దేశములును, జాతులును తమ చరిత్రను చెప్పుకొనునప్పుడు గూడ ఈ పద్ధతినే అవలంబించుట తగదని మా యభిప్రాయము. ప్రతి దేశమును తన్ను భీమునిగాను, పొరుగువానిని బకాసురునిగాను వర్ణించుకొనును. పొరుగుదేశపు పాఠ్యపుస్తకమును తెరచి చూచినచో పాత్రలు తారుమారై యుండును. ఒకే యుద్ధమున ఇద్దరు భీములును ఇద్దరు బకాసురులును ఎట్లుందురని బాలుడు ప్రశ్నించినచో మన మేమి చెప్పుదుము? ఈ ప్రశ్నను దూరదేశముల విషయమున గాక, మన చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి సీమల విషయముననే విచారించుట మేలు.

మన జిల్లాలోని విదురాశ్వత్థమును ఎరుగనివారు లేరు. ఉత్తర పినాకిని యొడ్డున, గౌరిబిదనూరు తాలూకాలో నున్న ఆ క్షేత్రమున 1938వ సంవత్సరము ఏప్రిల్ 25వ తేదీన, జాతీయ పతాకమును గౌరవింపవచ్చిన ప్రజలపై పోలీసులు తుపాకులు పేల్చిరి. మరణించినవారు 10 మంది యని ప్రభుత్వము చెప్పెను. ముప్పదికి పైబడిరని ప్రజలు చెప్పుకొనుచుండిరి. ఆ స్థలమునకు దక్షిణ దేశపు జలియన్‌వాలా బాగ్ అను పేరు వచ్చినది. అమరులయెడ భక్తితో పెట్టిన పేరగుటచే దానిని మేము ఆక్షేపింపము. అయినను ఆ పేరు ఒక విషయమును మరుగుపరచుచున్నదని మాత్రము చెప్పక తప్పదు.

1919లో అమృతసరమున కాల్పులకు ఆజ్ఞ యిచ్చినవాడు ఇంగ్లీషు సేనాని. విదురాశ్వత్థమున తుపాకి పట్టినవారు మైసూరు సంస్థానపు పోలీసులు. అప్పుడు సింహాసనమున నున్నవారు నాల్వడి కృష్ణరాజ ఒడయరు. గాంధీమహాత్ముడు రాజర్షి యని కొనియాడిన ప్రభువు ఆయనయే. దివాను సర్ మీర్జా ఇస్మాయిల్. మన ముద్దేనహళ్ళిలో జన్మించిన విశ్వేశ్వరయ్యగారు 1912 మొదలు 1918 వరకు దివానుగా నుండి సేవించినది ఈ సంస్థానమునే. మైసూరు విశ్వవిద్యాలయమును 1916లో స్థాపించినది ఈ ప్రభుత్వమే. 1927లోను, 1936లోను గాంధీమహాత్ముడు ఆరోగ్యము కొరకు మన నందికొండపై బస చేసినప్పుడు ఆదరించినదియు ఈ రాజ్యమే. అట్టి రాజ్యము చేతనే ఆ దినమున నిరాయుధుల రక్తము చిందినది.

ఇప్పుడు ఈ రాజ్యమును మనము ఏ పాత్రలో నిలుపుదుము? విద్యాలయమును, విద్యుద్దీపములను తలచి భీముడందుమా? విదురాశ్వత్థమును తలచి బకాసురుడందుమా? మొదటి మాట చెప్పువారు కాల్పులను దాచవలసియుండును. రెండవ మాట చెప్పువారు విద్యాలయమును దాచవలసియుండును. మూడవ మార్గము మరింత సులభమైనది: దోషమంతయు పరదేశీయులపై నెట్టి, మనవారిని నిర్దోషులనుట. మరుసటి నెలలోనే సర్దార్ పటేలు, ఆచార్య కృపలానీ బెంగుళూరు వచ్చి దివానుతో సంప్రదించుటయు, సంస్థానపు పతాకముతోపాటు కాంగ్రెసు పతాకమును గూడ ఎగురవేయుటకు ఒడంబడిక కుదురుటయు ఆ కథలలో దేనియందును ఇముడవు. రాక్షసునితో ఒడంబడిక యెట్లు? మనుష్యుల నడుమ మాత్రమే అది సాధ్యము.

నందిదుర్గము వంక చూతము. ఆ కొండయంచున టిప్పు డ్రాపు అను పేరుగల శిల యున్నది. శిక్ష పడినవారిని అక్కడినుండి క్రిందికి త్రోయించెడివారని వచ్చినవారికి చెప్పుచుందురు. కొండకు అనతి దూరమునగల దేవనహళ్ళిలో పుట్టి, తండ్రి హైదరాలి తరువాత రాజ్యమేలి, 1799 మే 4వ తేదీన శ్రీరంగపట్నపు కోటలో పోరాడుచు మరణించిన టిప్పు సుల్తాను జీవితమంతయు సందర్శకులకు ఒక శిలగా మిగిలినది. మరియొక పక్షమువారు ఆయనను ఆంగ్లేయులను ఎదిరించిన దేశభక్తుడని మాత్రమే కీర్తింతురు. కర్ణాటక ప్రభుత్వము 2015లో ఆయన జయంతిని ప్రారంభించినప్పుడు కొడగులో ఘర్షణలు జరిగి ప్రాణములు పోయినవి. 2019లో వచ్చిన ప్రభుత్వము ఆ జయంతిని రద్దు చేసెను. రెండు కథలు ఢీకొనగా నడుమ నలిగినది మనుష్యులు.

చరిత్ర యేమి చెప్పుచున్నది? టిప్పు కొడవులను వేలకొలదిగా బంధించి శ్రీరంగపట్నమునకు తరలించెను. 1784లో మంగళూరు క్రైస్తవులకును ఆ గతియే పట్టించెను. ఆ కుటుంబముల వారసులు దానిని మరవకుండుట న్యాయమే. 1791లో ఇంగ్లీషువారితో పొత్తు కుదుర్చుకొని వచ్చిన మరాఠా సేనలోని దోపిడిమూకలు శృంగేరి మఠమును కొల్లగొట్టినవి. అప్పుడు శారదాదేవి పునఃప్రతిష్ఠకు ధనమును కానుకలను పంపి, స్వామివారికి వినయముతో లేఖలు వ్రాయించినవాడును ఈ టిప్పుయే. ఆ కన్నడ లేఖలను 1916లో మైసూరు పురాతత్త్వశాఖాధిపతి నరసింహాచార్యులవారు వెలికి తీసిరి. ఆ 1791 అక్టోబరులోనే కారన్‌వాలీసు సేనలు మన నందిదుర్గమును ముట్టడించి గెలిచినవి. మఠమును దోచినవారు హిందువులు, ఆదుకొన్నవాడు ముసల్మాను. కొడవులను బంధించినవాడును అతడే. ఆ టిప్పు కొలువులో ముఖ్యాధికారిగా నుండిన పూర్ణయ్య, ప్రభువు మరణించిన పిదప ఒడయరుల రాజ్యమునకు దివాను అయ్యెను. ఈ సంగతులలో రెండింటిని ఏరుకొని తక్కినవానిని పారవైచిన గాని భీముడును దొరకడు, బకాసురుడును దొరకడు.

ఇట్టి కథలను ఎవరల్లిరి? కొన్నిటిని విజేతలు అల్లిరి. టిప్పు రాజ్యమును గెలుచుకొన్న కంపెనీవారు అతనిని క్రూరునిగా చిత్రించుట తమ యుద్ధమునకు సమర్థన యగునని ఎరిగినవారే. భారతదేశమును ఎన్నడును చూడని జేమ్సు మిల్లు అను ఇంగ్లీషు గ్రంథకర్త 1817లో మన చరిత్రను హిందూయుగమనియు, మహమ్మదీయయుగమనియు, బ్రిటిషుయుగమనియు మూడు ముక్కలుగా కోసెను. ఆ కోతను మనము చిరకాలము పాఠములలో నిలుపుకొంటిమి. ఆ కొలతతో చూచినచో 1565 నాటి తళ్ళికోట యుద్ధము రెండు మతముల సమరమై పోవును. ఆ యుద్ధమున విజయనగరమునకు ఎదురు నిలిచిన గోలకొండ ప్రభువు ఇబ్రహీం కుతుబ్ షా యౌవనమున ఏడేండ్లు విజయనగరములోనే అళియ రామరాయల ఆశ్రయమున నుండెననియు, తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడని మన కావ్యములలో ప్రశస్తి నొందెననియు చెప్పినచో ఆ మూడు ముక్కల కొలత చెల్లదు.

ఈ సందర్భమున మన తెలుగువారి విషయమున గూడ ఒక మాట చెప్పవలసియున్నది. 1956లో భాషలనుబట్టి రాష్ట్రములు ఏర్పడినప్పుడు మన తాలూకాలు మైసూరు రాష్ట్రముననే నిలిచినవి. ఆ రాష్ట్రమునకు 1973లో కర్ణాటకమను పేరు వచ్చినది. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము అను స్థితి మనకు కొన్ని కష్టములను తెచ్చినది. ఆ కష్టములను ప్రభుత్వమునకు విన్నవించుకొనుట మన హక్కు. కాని దానినుండి, తెలుగువారు ఎప్పుడును పీడితులు, ఎదుటివారు ఎప్పుడును పీడకులు అను కథను అల్లుకొని పిల్లలకు చెప్పుట మేలు కాదు. అల్పసంఖ్యాకుల యింటిలో పుట్టినంత మాత్రమున అసత్యము సత్యము కాజాలదు. ఈ సీమను ఏలిన పాలెగాండ్రలో తెలుగు మాటాడువారును ఉండిరి. వారు శిస్తు వసూలు చేయునప్పుడు రైతు ఏ భాషవాడని అడుగలేదు. శ్రీకృష్ణదేవరాయలు మావాడని తెలుగువారును మావాడని కన్నడిగులును వాదులాడుచుందురు. ఆయన తెలుగున ఆముక్తమాల్యదను రచించెను; కన్నడరాజ్యరమారమణ బిరుదమును ధరించెను. కైవారము తాతయ్యగారు తెలుగునను, కన్నడమునను తత్త్వములు పాడిరి. వారికి లేని సరిహద్దును మనము వారి పేర గీయనేల?

బాగేపల్లికి ఆవల అనంతపురపు సీమ. అక్కడ 1800 మొదలు దత్తమండలములకు కలెక్టరుగా నుండిన తామస్ మన్రో పాలెగాండ్ర నణచెను. పాలెగాని వంశమువారి కథలో అతడు రాజ్యాపహర్త. రైతువారీ పద్ధతిని ప్రవేశపెట్టినందున రైతుల కథలో అతడు మన్రోలప్ప. బిడ్డలకు ఆ పేరు పెట్టుకొన్నవారును ఉండిరి. కొండకు ఈ ప్రక్కవారు ఒకటి చెప్పగా ఆ ప్రక్కవారు మరియొకటి చెప్పుదురు. రెండింటిని విన్నవానికే మన్రో కనబడును.

ఇట్లనినచో కొందరు పెద్దలు మమ్ము ప్రశ్నింపవచ్చును: “అందరును మంచిచెడ్డల మిశ్రమమే యైనచో పాపమున కర్థమేమి? చంపినవాడును చచ్చినవాడును సమానులేనా?” ఈ ప్రశ్న గంభీరమైనది. మా సమాధాన మిది. తీర్పు చెప్పుట మానవలదు. తీర్పును జాతికి గాక కార్యమునకు చెప్పవలెను. విదురాశ్వత్థమున నిరాయుధులపై తుపాకులు పేల్చుట తప్పు. మనవారు పేల్చినందున ఆ తప్పు తగ్గలేదు. కొడవులను చెరపట్టుట తప్పు. శృంగేరికి పంపిన కానుకలు ఆ తప్పును కడిగివేయలేవు, ఆ తప్పును కానుకలను మాపివేయలేదు. ఏ తేదీన, ఎవరి ఆజ్ఞచే, ఎవరికి ఏ కీడు జరిగినదో చెప్పినప్పుడు దోషి స్పష్టముగా కనబడును. “వారు రాక్షసులు” అనినప్పుడు అసలైన దోషి గుంపులో దాగికొనును. దోషము లేనివాని మనుమడు మూడు తరముల తరువాత బడిలో బల్లపై తలవంచుకొని కూర్చుండును. మనము తప్పింపగోరునది ఈ అన్యాయమునే.

మన మహాభారతమే దీనికి సాక్షి. బకాసురుని కథ అందులో చిన్న ఉపాఖ్యానము మాత్రమే. కురుక్షేత్రమునకు వచ్చుసరికి కర్ణుని దాతృత్వమును, ధర్మరాజు పలికిన అర్ధసత్యమును, భీముడు తొడపై కొట్టిన అధర్మపు దెబ్బను వ్యాసుడు దాచలేదు. తెలుగు చేసిన కవిత్రయమువారును దాచలేదు. గెలిచినవారి కథ యయ్యును ఓడినవారి స్త్రీల దుఃఖమునకు అందొక పర్వమే యున్నది. పాండవుల పక్షమున ధర్మము లేదని దానిని చదివినవాడు ఎవడును అనడు. మన క్షేత్రమునకు పేరిచ్చిన విదురుని చూడుడు. అతడు కౌరవసభలో నుండి, ఆ రాజు ఉప్పు తినుచు, ఆ రాజు తప్పును అతని ముఖముననే చెప్పినవాడు. తనవారి దోషమును తనవారికి చెప్పగలిగిన విదురుని వంటివాడే మంచి చరిత్రకారుడు.

ఇది జరుగని పని కాదు. ఒకే శతాబ్దములో రెండు మహాయుద్ధములలో ఎదురెదురుగా నిలిచిన ఫ్రాన్సు, జర్మనీ దేశముల పండితులు కలసి కూర్చుండి, ఉన్నతపాఠశాలల కొరకు 2006లో ఉమ్మడి చరిత్ర పాఠ్యపుస్తకమును వెలువరించిరి. ఒకే పుస్తకము, రెండు భాషలలో. లక్షలమందిని పోగొట్టుకొన్న దేశములకు సాధ్యమైనది, ఒకే సంతలో బేరమాడుకొను మనకు సాధ్యము కాదా?

విద్యార్థులారా, రెండు భాషలు చదువగలుగుట మనకు భారమని తరచుగా వినుచుందుము. చరిత్ర విషయమున అది భాగ్యము. ఒకే సంఘటనను కన్నడ పుస్తకమున ఒక విధముగాను, సరిహద్దు కావల హిందూపురమున మీ మేనమామ బిడ్డలు చదువు తెలుగు పుస్తకమున మరియొక విధముగాను చదివి సరిపోల్చగల అవకాశము ఎందరికి కలదు? ఏ కథ చదివినను మూడు ప్రశ్న లడుగుడు: దీనిని చెప్పుచున్నవాడెవడు? చెప్పక విడిచినదేమి? ఇందు నష్టపడినవారి మాట ఎక్కడ నున్నది? మీ యూరి శాసనమును చదువుడు. ఊరి పెద్దల నడుగుడు. వారిలో వేరొక భాషవారిని, వేరొక మతమువారిని గూడ అడుగుడు.

తల్లిదండ్రులకు మా మనవి యొక్కటే. రాత్రి బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని బకాసురుని కథ తప్పక చెప్పుడు. చరిత్ర చెప్పునప్పుడు మాత్రము “మనవారు”, “వారు” అను మాటలను కొంచెము నిదానించి వాడుడు. ఎదుటివానిలో మనుష్యుని చూచుట నేర్చిన బిడ్డకు తనవారి తప్పును చూచు ధైర్యము గూడ కలుగును. రేపు ఈ నాడును పాలించువారు ఆ బిడ్డలే గదా.