తిండికి రాని తీగకు నీళ్ళెందుకు?

కలకడ లాంటి ఊళ్ళో పూల తీగ పెడతానంటే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఇదే. పెద్దవాళ్ళ చాదస్తం అని కొట్టిపారేయలేం. మా పక్క వానలు తక్కువ. టమోటా తోటకైనా, ఇంటి వాడకానికైనా చాలావరకు బోరే దిక్కు. అలాంటిచోట "అందంగా ఉంటుంది కదా" అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. అయినా పూల తీగ పెట్టాలనే నా వాదన. ఎందుకంటే అది నీడ.

పడమటి గోడకు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండ కొడుతుంది. పట్టిన వేడిని గోడ రాత్రంతా ఇంట్లోకి వదులుతుంది. గోడకు అడుగు దూరంలో తీగ అల్లిస్తే ఎండ ఆకుల మీదే ఆగిపోతుంది, మధ్యలో గాలి ఆడుతుంది. పెంకుటిళ్ళు పోయి స్లాబు ఇళ్ళు వచ్చాక ఇది సోకు కాదు, అవసరం.

"అయితే చిక్కుడు పెట్టు, కాయలైనా వస్తాయి" అంటారు. పెట్టండి. కానీ వానలకు వేసిన చిక్కుడు చలికాలంలో కాచి, ఎండలు ముదిరేసరికి ఎండిపోతుంది. మనకు నీడ కావాల్సింది సరిగ్గా అప్పుడే. ఏళ్ళ తరబడి నిలిచే తీగ అక్కడ పనికొస్తుంది.

మరి ఏ తీగ? చల్లటి ఊళ్ళలో తీసిన రీల్స్ చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే మే నెలలో ఎండుటాకులు ఊడ్చుకోవాలి. మన ఎండకు కాగితం పూల తీగ సరైనది. పుట్టిల్లు దక్షిణ అమెరికా అయినా ఇక్కడ బాగా కుదురుకుంది. వేరు పట్టాక నీళ్ళు ఎక్కువైతే ఆకులే వస్తాయి, కాస్త ఎండగడితేనే విరగబూస్తుంది. తనంతట తాను చుట్టుకోదు కాబట్టి కర్రకు కట్టాలి. సువాసన కావాలంటే రాధామనోహరం. సాయంత్రం తెల్లగా విచ్చిన పువ్వు తర్వాత గులాబీ రంగుకు, ఆపై ఎరుపుకు మారుతుంది. శంఖుపుష్పం చిక్కుడు కుటుంబానిదే. దాని వేళ్ళ బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. విత్తనం పక్కింట్లో అడిగినా దొరుకుతుంది.

ఖర్చంటారా, టమోటా తోటలో వాడేసిన కర్రలు, పురికొస చాలు. వానాకాలం మొదట్లో నాటితే మొదటి నెలల తడి వానే చూసుకుంటుంది. మొదలు చుట్టూ చెనిక్కాయ పొట్టు కప్పితే తేమ తొందరగా ఆరదు. తర్వాత బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు రోజూ అక్కడే పోయండి. "పాములొస్తాయి" అనే భయం కూడా సబబైనదే. నేల నుంచి రెండడుగుల దాకా కొమ్మలు కత్తిరించి, కింద చెత్త పేరుకోకుండా చూసుకోవాలి.

ఈసారి సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు నర్సరీకి పరిగెత్తకండి. సాయంత్రం ఆరింటికి పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. చురుక్కుమంటే తీగ ఎక్కడ పెట్టాలో తెలిసినట్టే.