పావు తక్కువ రెండెకరాల ఆటకు రెండున్నర వేల ఎకరాలా?

కొత్త స్టేడియం వస్తోందన్న మాట పుట్టిందో లేదో, కుర్రాళ్ల ఫోన్లలో అది అప్పుడే కట్టేసి ఉంటుంది. పైకప్పు మూసుకునేదా, తెరుచుకునేదా? ఐపీఎల్ మ్యాచ్‌లు ఎన్ని ఇస్తారు? క్రికెట్‌కేనా, ఫుట్‌బాల్ లీగు జట్టు కూడా వస్తుందా? ఒలింపిక్స్ మన దేశానికి వస్తే ఇక్కడ ఏ ఆట పెడతారు? అమరావతిలో లక్షా పాతిక వేల మంది కూర్చునే స్టేడియం కడతామని 2025 మార్చిలో ఆంధ్ర క్రికెట్ సంఘం పెద్దలు ప్రకటించిన నాటి నుంచీ ఇదే సందడి. ఎవరో కంప్యూటర్‌లో గీసిన బొమ్మ ఒకటి తిరుగుతుంది, దాని మీద వెయ్యి వ్యాఖ్యలు. అది ఎవరి చేలో లేస్తుందన్న ప్రశ్న మాత్రం ఆ వెయ్యింటిలో ఒక్కచోట కూడా కనపడదు.

ఆ కుర్రాళ్ల మీద మనకు కోపం లేదు. వాళ్లలో సగం మంది మన ఇళ్లలోనే ఉన్నారు. పత్తి తీతకు రమ్మంటే నడుం నొప్పి అంటారు గానీ అర్ధరాత్రి లేచి బార్సిలోనా ఆట చూస్తారు. 2025 డిసెంబరులో మెస్సీ ఉప్పల్‌కు వచ్చినప్పుడు జిల్లాల నుంచి బండ్లు కట్టుకుని వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆట మీద ప్రేమ తప్పు కాదు. ఆ ప్రేమను అడ్డం పెట్టుకుని భూమి లాగేవాళ్లతోనే మన పేచీ. అభిమాని ఊహాగానానికి అభిమాని జేబులోకి పైసా రాదు. రియల్ ఎస్టేట్ బ్రోచర్‌కు మాత్రం అది ఉచిత ప్రచారం.

ముందు లెక్క చూద్దాం. మనం ఎకరాల మనుషులం కాబట్టి ఎకరాల్లోనే చూద్దాం.

అంతర్జాతీయ ఫుట్‌బాల్ మైదానం పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. పావు తక్కువ రెండెకరాలు. క్రికెట్ మైదానమైతే నాలుగైదు ఎకరాలు. చుట్టూ కుర్చీలు, దారులు, పార్కింగు అన్నీ కలుపుకున్నా ఎంతవుతుంది? అహ్మదాబాద్ మొతేరా స్టేడియం ప్రపంచంలోనే పెద్దదని చెప్పుకుంటున్నారు. 1 లక్షా 32 వేల మంది పడతారు. అది ఉన్నది 63 ఎకరాల్లో. అమరావతి స్టేడియం దానికంటే చిన్నది, కానీ మొదట వినిపించిన మాటే 200 ఎకరాలు. కొద్ది నెలలు తిరిగేసరికి రెండో విడత భూసమీకరణ గురించి ప్రభుత్వం చెప్పిన లెక్కల్లో అది 'స్పోర్ట్స్ సిటీ' అయ్యి 2,500 ఎకరాలకు చేరింది. అందులో మొతేరాలు దాదాపు నలభై పడతాయి. నలభై స్టేడియాలు కట్టరని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మరి మిగతా భూమి దేనికి? హోటళ్లకు, విల్లాలకు, మాల్స్‌కు అని నేరుగా చెబితే ఊరు తిరగబడుతుంది. ఆట అంటే చప్పట్లు కొడతారు.

ఇందులో చట్టం మతలబు కూడా ఉంది, సంఘ సభ్యులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు ఆస్పత్రిని, ప్రైవేటు విద్యాసంస్థను, ప్రైవేటు హోటల్‌ను మౌలిక వసతుల జాబితా నుంచి పక్కన పెట్టింది. 'క్రీడల ప్రాజెక్టు' మాత్రం ప్రజాప్రయోజనం కింద నేరుగా రాసి ఉంది. అంటే హోటల్ పేరుతో తెరుచుకోని తలుపు ఆట పేరుతో తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లాక ఏం కడతారో అడిగే నాథుడు ఉండడు. అయినా అదే చట్టంలో మనకు పనికొచ్చే సంగతులు ఉన్నాయి. సామాజిక ప్రభావ అంచనా వేయాలి, గ్రామంలో బహిరంగ విచారణ పెట్టాలి, ప్రైవేటు కంపెనీ కోసమైతే 80 శాతం మంది, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యమైతే 70 శాతం మంది ఒప్పుకోవాలి. రెండు పంటలు పండే సాగునీటి భూమిని మరో దారి లేనప్పుడే ముట్టుకోవాలి. తీసుకున్న భూమిని ఐదేళ్లు వాడకపోతే తిరిగివ్వడమో, ప్రభుత్వ భూమి బ్యాంకులో చేర్చడమో చేయాలి. ఈ బాదరబందీ వద్దనే 'సమీకరణ' అన్న మెత్తటి మాట పట్టుకొచ్చారు. ఇష్టపూర్వకంగా ఇస్తున్నారు కదా, ఇంక అంచనాలెందుకు అంటారు.

ఆట పేరుతో భూమి ఎలా చేతులు మారుతుందో తెలుసుకోవాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. 2003లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఐఎంజీ భారత అనే కంపెనీతో ఒప్పందం చేసుకుంది. అంతర్జాతీయ స్థాయి క్రీడా అకాడమీలు కడతామన్నారు. ఒప్పందం కుదిరేనాటికి ఆ కంపెనీ పుట్టి వారం కూడా కాలేదు. 850 ఎకరాలు కేటాయించారు, అందులో 400 ఎకరాలు కంచ గచ్చిబౌలిలో, ఎకరా 50 వేల రూపాయలకు! 2006లో తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. కేసు కోర్టుల్లో 2024 దాకా నడిచి, రద్దు సబబేనని తేలింది. భూమి మళ్లీ సర్కారు చేతికొచ్చింది కదా, అక్కడ పిల్లలు ఆడుకున్నారా? 2025లో అదే 400 ఎకరాల్లోకి ఐటీ పార్కుల వేలం కోసం బుల్డోజర్లు దిగాయి. సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు రోడ్డెక్కి, సుప్రీంకోర్టు ఆపమంటే గానీ ఆగలేదు. ఇరవై రెండేళ్లలో ఆ నేల మీద ఒక్క గోల్ పడలేదు, ఒక్క వికెట్ రాలలేదు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి, భూమి మీద కన్ను మాత్రం మారలేదు.

స్టేడియం కట్టిన చోట కథ చూడాలన్నా గచ్చిబౌలికే పోవాలి. 2002 జాతీయ క్రీడల కోసం అక్కడ స్టేడియం కట్టారు. తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు దాన్ని సొంతిల్లు చేసుకుంది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు కూడా గెలిచింది. అభిమానులు పసుపు చొక్కాలేసుకుని ఊగిపోయారు. మూడున్నరేళ్లు తిరిగేసరికి జట్టు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. ఏ అభిమానినీ అడగలేదు. జట్టు అంటే యజమాని చేతిలో కాగితం, రాత్రికి రాత్రి ఊరు దాటుతుంది. ఇచ్చిన పొలం అలా వెనక్కి నడిచి రాదు. బ్రెజిల్ 2014 ప్రపంచ కప్ కోసం అమెజాన్ అడవుల మధ్య మనౌస్‌లో కట్టిన స్టేడియంలో ఆ టోర్నీలో జరిగినవి నాలుగంటే నాలుగు మ్యాచ్‌లు. రాజధాని బ్రసీలియాలో కట్టిన స్టేడియం బయలును ఏడాది తిరగకుండానే బస్సుల పార్కింగుకు వాడుకున్నారు. అది ఫుట్‌బాల్‌ను పూజించే దేశం. మన దగ్గర మంగళగిరి పక్కన నవులూరు స్టేడియం పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. చేతిలో ఉన్నది ముగించకుండా ఇంకోటి ఎందుకని అడిగితే అభివృద్ధి నిరోధకులం అయిపోతాం.

మొదటి విడతలో ఇచ్చినవాళ్ల అనుభవం మన కళ్ల ముందే ఉంది. 2015లో 29 గ్రామాల నుంచి 30 వేలకు పైగా ఎకరాలు తీసుకున్నారు. మెట్టకు ఎకరాకు ఏటా 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు, ఏటా కొంత పెంపు. ఎకరా అంటే 4,840 గజాలు. మెట్ట ఎకరా ఇచ్చిన రైతుకు తిరిగి వచ్చేది వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. అదీ ప్లాటు చేతికొచ్చి, రోడ్డు పడి, కొనేవాడు వస్తేనే. 2019లో మూడు రాజధానులన్నారు, పని ఆగింది. రైతులు, ముఖ్యంగా ఆడవాళ్లు, నాలుగేళ్లకు పైగా శిబిరాల్లో కూర్చున్నారు. అభివృద్ధి చేసిన ప్లాట్లు మూడు నెలల్లో ఇవ్వమని 2022 మార్చిలో హైకోర్టు చెప్పినా, ఆ గడువు మీద పైకోర్టు స్టే ఇచ్చింది. ఆ ప్లాట్ల లెక్కలే తేలకుండా 2025 చివర్లో ఇంకో ఏడు గ్రామాల్లో 16 వేల ఎకరాలకు పైగా సమీకరణకు ఉత్తర్వులిచ్చారు. పెదపరిమి, వడ్డమాను, వైకుంఠపురం, ఎండ్రాయి... పత్తి, మిర్చి పండే నల్లరేగడి నేలలివి.

భూమి ఉన్నవాడికి కనీసం గజాల లెక్కయినా ఉంది. కౌలు రైతుకు ఏముంది? మొదటి విడతలో కౌలుదారుకు ఒక్క గజం రాలేదు. పెట్టుబడి పెట్టింది, పురుగుమందు కొట్టింది, అప్పు మోసింది అతనే అయినా కాగితంలో అతని పేరు లేదు. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డుకు యజమాని సంతకం కావాలి. స్టేడియం వస్తుందన్న పుకారు మొదలయ్యాక ఏ యజమాని సంతకం పెడతాడు? పుకారు పుట్టిన రోజే కౌలు రైతు నష్టపోవడం మొదలవుతుంది, ప్రభుత్వ ఉత్తర్వు రావడానికి చాలా ముందే. భూమి లేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అని అప్పట్లో మొదలుపెట్టారు. మిర్చి కోతల్లో ఇద్దరు ఆడవాళ్లు వారం పది రోజుల్లో సంపాదించేదాన్ని నెలంతా సర్దుకోమన్నారు.

మన పిల్లలకు ఆటలు వద్దా అని ఒక ఎమ్మెల్యే అనుచరుడు అడిగాడట. కావాలి. ముందు మండలంలోని హైస్కూళ్లకు ఆటస్థలం, ఒక బంతి, ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు ఇవ్వండి. అందుకు ఎవరి పొలమూ లాక్కోనక్కర్లేదు.

అందుకని ఈ నెల శాఖా సమావేశాల్లో ఈ సంగతి పెట్టండి. గ్రామసభ జరిగినప్పుడు నోటిమాటతో ఊరుకోకుండా రాతపూర్వకంగా అడగండి: స్టేడియానికి ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబర్లు, మిగతాదాంట్లో ఏం కడతారు, ఎవరికి ఏ ధరకు ఇస్తారు, ఐదేళ్లలో కట్టకపోతే భూమి ఎవరిది? జవాబు రాకపోతే 'జవాబు రాలేదు' అని తీర్మానం పుస్తకంలో రాయించండి. మీ ఇంట్లో అభిమాని ఉంటే సభకు వెంటబెట్టుకు రండి. సీట్ల సంఖ్య, పైకప్పు సంగతి మనకంటే వాళ్లకే బాగా తెలుసు. 63 ఎకరాల్లో పట్టేదానికి 2,500 ఎందుకని వాళ్ల నోటితో అడిగిస్తే అధికారి దగ్గర సిద్ధంగా జవాబు ఉండదు. అంతకుముందే, ఊళ్లో ఈ ఏడు ఏ చేను ఎవరు కౌలుకు చేస్తున్నారో పేరు పేరునా జాబితా రాసి, పక్క రైతుల సాక్షి సంతకాలతో ఒక ప్రతి శాఖ దగ్గర, ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంచండి.