కంపెనీ కారు వచ్చింది, మరి నా కారు?

పోయిన నెల మావారు కొత్త ఉద్యోగం ఆఫర్ లెటర్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. అందులో ఒక లైను దగ్గర ఇద్దరం ఆగిపోయాం. కంపెనీ ఎలక్ట్రిక్ కారు కావాలా, దాని బదులు నెలకు 400 పౌండ్ల అలవెన్సు కావాలా? వారంలోగా చెప్పాలి.

కాకినాడకు ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెబితే అత్తయ్య, "కంపెనీ కారిస్తానంటే ఇంకా ఆలోచనేంటమ్మా, తీసుకోమను" అన్నారు. ఆవిడ దృష్టిలో కంపెనీ కారంటే పెట్రోలూ డ్రైవరూ అన్నీ వాళ్లవే. ఇంగ్లండులో లెక్క వేరు. ఆ కారును సొంత పనులకు కూడా వాడుకునే వీలుంటే చాలు, దాన్ని జీతంతో పాటు అందే లాభంగా చూసి పన్ను వేస్తారు.

నేను బీఎస్సీ కెమిస్ట్రీ. కాగితం మీద గళ్లు గీసి అంకెలు వేస్తేగానీ నాకు మనసు కుదుటపడదు. పిల్లాడు పడుకున్నాక నోటుబుక్కు తీశాను.

మొదటి గడి, కంపెనీ కారు. దాని లిస్టు ధర 40,000 పౌండ్లు. 2025-26లో పూర్తి ఎలక్ట్రిక్ కారుకు ఆ ధరలో 3 శాతాన్ని, అంటే 1,200 పౌండ్లను ఆదాయంగా లెక్కిస్తారు. మావారి జీతం 40 శాతం పన్ను శ్లాబులో ఉంది కాబట్టి ఏడాదికి 480, నెలకు 40 పౌండ్లు. ఈ శాతం 2026-27కి 4, ఆ పై ఏడు 5 అవుతుంది. ఇన్సూరెన్సు, సర్వీసు, టైర్లు అన్నీ కంపెనీవే. ఇదే పెట్రోలు కారైతే కథ మారిపోతుంది. 30,000 పౌండ్ల కారు 30 శాతం శ్లాబులో పడిందంటే పన్నే ఏడాదికి 3,600. ఇక సొంత తిరుగుడుకు పెట్రోలు కూడా కంపెనీయే పోయిస్తే దానికి వేరే పన్ను. "ఫ్రీ పెట్రోల్" అనగానే సంబరపడకండి.

రెండో గడి, అలవెన్సు. 400 పౌండ్లు మొత్తం చేతికి రావు. 40 శాతం పన్ను, 2 శాతం నేషనల్ ఇన్సూరెన్సు పోను మిగిలేది 232. అయితే సొంత కారులో ఆఫీసు పని మీద తిరిగితే మొదటి 10,000 మైళ్ల వరకు మైలుకు 45 పెన్సులు పన్ను లేకుండా తీసుకోవచ్చు. మావారికి క్లయింట్ల దగ్గరికి ఏడాదికి సుమారు 6,000 మైళ్ల తిరుగుడు, అంటే 2,700 పౌండ్లు. కంపెనీ తక్కువ ఇస్తే ఆ తేడా మీద పన్ను మినహాయింపు అడగొచ్చు. ఇంటి నుంచి రోజూ వెళ్లే ఆఫీసుకు చేసే ప్రయాణం మాత్రం ఇందులోకి రాదు.

అంత తిరగడానికి నమ్మకమైన కారు కొనాలి. దాని వాయిదాలు, ఇన్సూరెన్సు, పెట్రోలు, సర్వీసు అన్నీ వేసి చూస్తే, అలవెన్సు వైపు ఏడాదికి మూడు నాలుగు వందలు మిగిలేలా ఉంది. ఒక్క పెద్ద రిపేరు వస్తే అదీ హరీ. అందుకని కంపెనీ కారే నయమనుకున్నాం.

అప్పుడే మావారు మామూలుగా అన్నారు, "అయితే మన పాత కారు అమ్మేద్దాం. రెండు కార్లెందుకు?"

నా చేతిలో పెన్ను ఆగింది. ఇండియా లైసెన్సు మీద ఇక్కడ నడపనిచ్చేది పన్నెండు నెలలే. అది దాటాక ప్రొవిజనల్ తీసుకుని, పాఠాలకు డబ్బు కట్టి, ఒకసారి ఫెయిలై, రెండోసారి పాసయ్యాను. అది జరిగి ఎనిమిది నెలలు. కంపెనీ కాగితాలు తిరగేస్తే, భార్య నడపాలంటే రెండేళ్ల యూకే లైసెన్సు ఉండాలని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే ఇంటి ముందు నిగనిగలాడే కారు ఉంటుంది, నేను మాత్రం బస్‌స్టాపులో ఉంటాను.

"ఏవండీ, స్కూలు నుంచి బాబుకు జ్వరమని ఫోనొస్తే నేనెలా వెళ్లాలి?" అన్నాను. "టాక్సీ ఉందిగా, ఎప్పుడో ఒకసారేగా" అన్నారు. నేను అప్లై చేసిన స్కూల్ ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం గురించి అడిగితే మాత్రం మాట్లాడలేదు. అక్కడికి కారులో ఇరవై నిమిషాలు, రెండు బస్సులు మారితే గంటంపావు.

ఇంకొకటి కూడా చెప్పాను. మాకు తెలిసిన ఒకాయన ఉద్యోగం పోయిన రోజే తాళాలు ఇచ్చి వచ్చారు. వీసా గడువు, కొత్త ఉద్యోగం వెతుకులాట, ఇంటర్వ్యూలు, వీటన్నిటి మధ్య కారు లేదు. కొత్తగా కొందామంటే సొంత పాలసీ లేక ఏళ్లయింది. వాడని నో క్లెయిమ్స్ బోనస్ మామూలుగా రెండేళ్ల తర్వాత పనికిరాదు. కంపెనీ ఇచ్చే ఉత్తరాన్ని కొన్ని ఇన్సూరెన్సు సంస్థలు ఒప్పుకుంటాయి, అన్నీ కాదు.

ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు తనే, "సరే, పాతది ఉంచుదాం, ఎంతవుతుందో చూడు" అన్నారు. ఇకపై ఎక్కువగా నడిపేది నేను. కాబట్టి చవక కోసం ప్రధాన డ్రైవరుగా ఆయన పేరు చెప్పడం కుదరదు. దాన్ని ఫ్రంటింగ్ అంటారు, మోసం కింద లెక్క. పాలసీ నా పేరున తీసుకుని ఆయన్ని రెండో డ్రైవరుగా చేర్చాను. బోనస్ సున్నా నుంచి మొదలు కాబట్టి ప్రీమియం కాస్త ఎక్కువే. రోడ్ టాక్స్, ఎంఓటీ కలిపి నెలకు సుమారు 110 పౌండ్లు పడుతోంది. తక్కువేమీ కాదు. బయట భోజనాలు తగ్గించాం.

మీ ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తే పన్ను లెక్క తప్పకుండా వేయండి. దాని పక్కన ఇంకో రెండు గళ్లు గీయండి. ఆ కారు నేను నడపొచ్చా? ఉద్యోగం పోతే మర్నాడు మనకేం మిగులుతుంది? ఈ రెండూ ఆఫర్ లెటర్‌లో ఉండవు, మనమే అడగాలి.

ల్యాబ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చే మంగళవారం. పాత కారులోనే వెళ్తున్నాను.